చెవి చుక్కలు: కర్ణభేరికి ఇవతల, అవతల

చెవిపోటని చుక్కలు అడగడానికి మా మందుల దుకాణానికి వచ్చేవాళ్లను ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "చెవి డొప్ప పట్టుకుని లాగితే నొప్పి ఎక్కువవుతోందా?" అవుతోందంటే చాలావరకు బయటి నాళంలోనే ఇన్ఫెక్షన్. ఈతకు వెళ్లే పిల్లల్లో, పిన్నీసుతో గులిమి తీసుకునే పెద్దల్లో ఎక్కువగా చూస్తాను. దీనికి యాంటిబయాటిక్ చుక్కలు బాగా పనిచేస్తాయి, మందు నేరుగా జబ్బు ఉన్నచోటే పడుతుంది కనుక. జలుబు తర్వాత కర్ణభేరికి అవతల వచ్చే పోటు వేరు. కర్ణభేరికి చిల్లు లేకపోతే మందు దాన్ని దాటదు. సీసా అంతా పోసినా తలగడ తడవడమే.

చెవి కారుతుంటే మాత్రం నాకు భయం. కిందటి వానాకాలం ఒక పెద్దాయన నిరుటి సీసా తెచ్చి, "సగం మిగిలిందమ్మా, మనవరాలికి వేయవచ్చా?" అని అడిగారు. మూత చుట్టూ మందు పసుపుపచ్చగా అట్టకట్టింది. లేబుల్ మీద నియోమైసిన్ అనే యాంటిబయాటిక్ పేరు. పాపకు రెండు రోజులుగా చీము. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నియోమైసిన్, జెంటామైసిన్ వంటివి లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీయవచ్చు. అలాంటప్పుడు డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లాక్ససిన్ లేదా ఆఫ్లాక్ససిన్ చుక్కలు రాస్తారు. పైగా తెరిచిన సీసా సాధారణంగా నాలుగు వారాలకు మించి పనికిరాదు. సీసా నా దగ్గరే ఉంచేసుకుని, ఆయనను చెవి డాక్టర్ దగ్గరికి పంపాను. కాస్త కోపం వచ్చింది ఆయనకు.

ఇక వేసే పద్ధతి. సీసాను కొన్ని నిమిషాలు గుప్పిట్లో ఉంచుకోండి. చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. నొప్పి ఉన్న చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టండి. పెద్దవాళ్లకు డొప్పను పైకీ వెనక్కీ, మూడేళ్లలోపు పిల్లలకు కిందికీ వెనక్కీ లాగాలి. రాసినన్ని చుక్కలు వేసి, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు కదలనివ్వవద్దు. సీసా మొన చెవికి తగలకూడదు.

వారం దాటినా చుక్కలు వేస్తూనే ఉంటే, దురద పెరిగి, తడిసిన కాగితంలాంటి పొర మీద నల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. యాంటిబయాటిక్ దాన్ని చంపదు, ఎదగనిస్తుంది. ఆపేసి డాక్టర్‌కు చూపించండి. షుగరు ఉన్నవాళ్లకు రాత్రి నిద్రపట్టనంత పోటు ఉంటే నా దుకాణానికి రావద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్లండి. ఆ ఇన్ఫెక్షన్ ఎముకకు పాకవచ్చు.