కాపీ స్పీడు 11 దగ్గరే ఆగిపోతోందా? ముందు కేబుల్ చూడండి

విజయనగరంలో మా ఇంట్లో పెళ్లి వీడియోలు మేడ మీది కంప్యూటర్‌కి నెట్‌వర్క్ కేబుల్ మీద కాపీ పెడితే సెకనుకు 11 ఎంబీ దాటేది కాదు. రౌటర్ గిగాబిటే (అంటే సెకనుకు 1000 మెగాబిట్లు పంపగలదు), రెండు కంప్యూటర్లూ గిగాబిటే. అసలు ఆ 11 కనబడితే సగం జబ్బు తెలిసిపోయినట్టే, లింక్ 100 ఎంబీపీఎస్‌కి (సెకనుకు 100 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) పడిపోయిందన్నమాట. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి, 100/100 అని ఉంటుంది.

గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. 100కి నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింట్లో ఒక తీగ పోయినా నెట్ మామూలుగానే వస్తుంది, మనకి అనుమానమే రాదు. మా దాంట్లో గోధుమరంగు తీగ జాక్ చివరిదాకా దూరలేదు, అంతే! పాత జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయించాను (అంటే తీగల మీద నొక్కి బిగించడం). ఇప్పుడు 110 వస్తోంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మాత్రం అంత ఆశించకండి.