బీచ్ ట్రిప్పుకు ఎయిర్‌పోర్టు కారు: వరంగల్ నుంచి ఎలా బుక్ చేసుకోవాలి?

హైదరాబాద్ నుంచి గోవాకు విమానం గంటన్నరలోపే దించేస్తుంది. హనుమకొండ నుంచి శంషాబాద్ చేరడానికి మాత్రం కారులో మూడు గంటలకు తక్కువ పట్టదు. మామునూరులో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది, 2025లో కేంద్రం దాని అభివృద్ధికి అనుమతి కూడా ఇచ్చింది. అక్కడ మనం విమానం ఎక్కే రోజు వచ్చేదాకా శంషాబాదే దిక్కు.

అందుకే మన ప్రాంతం వాళ్లు సముద్రానికి పోవాలంటే రెండు బండ్లు మాట్లాడుకోవాలి. ఇంటి నుంచి శంషాబాద్‌కు ఒకటి, అక్కడ దిగాక హోటల్‌కు ఒకటి. చాలామంది రిసార్టు పంపే పెద్ద కారు గురించి నెల ముందే ఆలోచిస్తారు, ఇక్కడి బండి గురించి మాత్రం ముందు రోజు సాయంత్రం తెలిసినవాళ్లకు ఫోన్ కొడతారు. నేనైతే తిరగేసి చేస్తాను. సుఖం కోసం పెట్టే డబ్బు ఇక్కడ పెట్టాలి, ఎందుకంటే నిద్రపోయేది, నడుం వాల్చేది ఈ 170 కిలోమీటర్లలోనే. అక్కడి బండికి డబ్బు కన్నా జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎందుకో కింద చెప్తాను.

ముందు టైము, తర్వాతే బండి

విమానం టైము నుంచి వెనక్కి లెక్కేయండి. ఉదయం 7:10కి విమానం అనుకుందాం. దేశంలో తిరిగే విమానాలకు లగేజీ తీసుకునే కౌంటర్ సాధారణంగా గంట ముందు, అంటే 6:10కి మూస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు, పెట్టెలు ఉన్నప్పుడు రెండు గంటల ముందు, 5:10కి అక్కడ ఉండాలి. రోడ్డుకు మూడున్నర గంటలు, మధ్యలో చాయ్‌కి, బాత్రూంకి అరగంట తీసెయ్యండి. 1:10 అయింది. పెట్టెలు సర్దడం, తాళం వేశామా లేదా అని మళ్లీ వెనక్కి రావడం ఉండనే ఉంటాయి కాబట్టి బండి 12:45కే గేటు ముందుండాలి.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది. ఆ 12:45 ఏ రోజు? విమానం ఆదివారం ఉదయమైతే బండి రావాల్సింది శనివారం పడుకోబోయే రాత్రి. మనం దాన్ని "శనివారం రాత్రి" అనే అంటాం. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, మాటలోనూ అదే అలవాటు. విమానం వాళ్లకు, యాప్‌కు, ట్రావెల్స్ ఆఫీసు పుస్తకానికి మాత్రం రాత్రి 12 దాటితే తారీఖు మారిపోతుంది. అందుకని రెండూ కలిపి చెప్పండి: "శనివారం రాత్రి తెల్లారితే ఆదివారం, 12వ తారీఖు, అర్ధరాత్రి 12:45." వినడానికి చాదస్తంగా ఉంటుంది. ఉండనీయండి.

ఇదే చిక్కు బిల్లులోనూ ఉంది. చాలా ట్రావెల్స్ వాళ్లు రోజును అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేస్తారు. రాత్రి 11 గంటలకు బయలుదేరి తెల్లారి బండి తిరిగొస్తే రెండు రోజుల బత్తా (డ్రైవర్ రోజు ఖర్చు), రెండు రోజుల కనీస కిలోమీటర్లు (తిరగకపోయినా లెక్కేసేవి) వేసే వాళ్లున్నారు. 12 దాటాక ఎక్కితే ఒకే రోజు. గంట తేడాతో వేలల్లో మారే సంగతిది, మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

ఏ బండి?

ఏడుగురు కూర్చునే బండి అంటే ఏడుగురూ, వాళ్ల పెట్టెలూ పడతాయని కాదు. ఎర్టిగా అయినా ఇన్నోవా అయినా వెనక వరుస లేపితే డిక్కీలో మిగిలేది జానెడు. నలుగురికి నాలుగు పెద్ద పెట్టెలుంటే ఇన్నోవా వెనక వరుస మడిచి హాయిగా పోవచ్చు. ఆరుగురైతే పైన క్యారియర్ ఉన్న బండి అడగండి, లేదా పెట్టెలు తగ్గించండి. మా ఇంట్లో పెట్టెలు తగ్గుతాయి గానీ సకినాల డబ్బా, కారప్పూస డబ్బా తగ్గవు. వాటికీ చోటు లెక్కేసుకోవాల్సిందే.

పెద్దవాళ్లుంటే ఇన్నోవా అడిగి ఊరుకోవద్దు. ఇన్నోవా క్రిస్టాలో ఏడు సీట్ల రకానికి మధ్య వరుసలో విడివిడిగా రెండు కుర్చీలుంటాయి, చేతులు ఆనించుకుని వాలొచ్చు. ఎనిమిది సీట్ల రకానికి ఒకటే పొడుగు సీటు. రాత్రి ప్రయాణానికి మొదటిదే మేలు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మకు ఆ కుర్చీ సుఖమే గానీ ఎక్కడమే కష్టం, నేల నుంచి ఎత్తు ఎక్కువ. చిన్న పీట ఒకటి డిక్కీలో వేసుకుపోతాం. నవ్వేవాళ్లు నవ్వారు, తర్వాత వాళ్లూ తెచ్చుకున్నారు.

ఇద్దరే అయితే ఇవేమీ వద్దు, మంచి సెడాన్ చాలు. ఒక్కరే అయితే కారే వద్దంటాను. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు.

రేటు మాట్లాడే తీరు

"ఎయిర్‌పోర్టు డ్రాప్ ఎంత?" అని అడిగితే ఒక అంకె చెప్తారు. ఆ అంకెలో ఏమున్నాయో అడగనిదే చెప్పరు. డ్రాప్ అయినా బండి ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి కిలోమీటర్లు రెండు వైపులా లెక్కేయడం మామూలే. ఉదాహరణకు కిలోమీటరుకు 20 రూపాయలు అన్నారనుకోండి. పోను 170, రాను 170, మొత్తం 340 కిలోమీటర్లు, 6,800 రూపాయలు. దీని మీద డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్, జీఎస్టీ. తక్కువ రేటు చెప్పినాయన ఇవన్నీ విడిగా వేస్తే, ఎక్కువ చెప్పినాయన అన్నీ కలిపితే, చివరికి ఎవరు చవకో మీరే చూసుకోండి. నా మటుకు నేను "అన్నీ కలిపి ఒకే మాట చెప్పండి అన్నా" అంటాను.

టోల్ సంగతికొస్తే, హైవే మీద మనకు రెండు గేట్లున్నాయి. రఘునాథపల్లి దగ్గర కోమల్ల, బీబీనగర్ దగ్గర గూడూరు. ఆ తర్వాత ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దానికి విడిగా టోల్. కొందరు డ్రైవర్లు ఆ టోల్ మిగిలించుకోవడానికి ఉప్పల్ మీదుగా ఊళ్లోకి తీసుకుపోతారు. తెల్లవారుజామున సరే గానీ సాయంత్రం విమానమైతే ఉప్పల్‌లో దొరికిపోయినట్టే. "ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కాలి" అని బుకింగ్ అప్పుడే చెప్పండి. కరీంనగర్ వాళ్లయితే రాజీవ్ రహదారిలో వచ్చి శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ వాళ్లు నాగపూర్ హైవే మీద వచ్చి మేడ్చల్ దాటాక ఔటర్ ఎక్కొచ్చు.

నంబర్ ప్లేటు చూడటం మరవద్దు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. కరెంటు ట్యాక్సీకి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండి సొంతానికి తిప్పుకునేది, కిరాయికి తిప్పే పర్మిట్ దానికి ఉండదు. "మా బావ బండి సార్, కొత్తది, ఏం ఫికర్ చేయకుండ్రి" అంటారు. బండి కొత్తదే కావచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మెలిక పెట్టడానికి ఆ తెల్ల ప్లేటు ఒక్కటి చాలు.

డ్రైవర్ గురించి ఒక్క ప్రశ్న అడగండి: "ఆ రోజు పగలు ఆయనకు డ్యూటీ ఉందా?" పగలంతా పెళ్లి ట్రిప్పు తిప్పి అర్ధరాత్రి మన బండి ఎక్కే డ్రైవర్‌కు జనగామ దాటగానే కళ్లు మూతలు పడతాయి. పగలు పడుకున్న మనిషి కావాలని చెప్పి, దానికి మరో మూడు వందలు అడిగితే ఇవ్వండి. నేను లగ్జరీ అనేది దాన్నే. తోలు సీట్లు, నీళ్ల సీసాలు ఆ తర్వాత.

మేడారం జాతర రోజుల్లో, దసరాకు, పెళ్లి ముహూర్తాలకు మంచి బండ్లు, మంచి డ్రైవర్లు ఎవరికీ దొరకరు. ఆ తారీఖుల్లో పోయేదుంటే టికెట్టు తీసిన రోజే బండి కూడా మాట్లాడుకోండి. మామూలు రోజుల్లో వారం ముందు చాలు. అడ్వాన్స్ కొంచెమే ఇచ్చి, విమానం రద్దయితే ఆ డబ్బు ఏమవుతుందో వాట్సాప్‌లో రాయించుకోండి.

అక్కడి బండి: గోవాలో మొదటి ప్రశ్న

గోవాకు రెండు విమానాశ్రయాలున్నాయి. వాస్కో పక్కన పాత దబోలిం. ఉత్తర గోవాలో మోపా దగ్గర మనోహర్ విమానాశ్రయం, 2023 జనవరిలో విమానాలు మొదలయ్యాయి. టికెట్టు మీద "గోవా" అని పెద్దగా ఉండి, ఏ విమానాశ్రయమో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. దబోలిం కోడ్ జీఓఐ, మోపాది జీఓఎక్స్. అక్కడి బండికి జాగ్రత్త కావాలన్నది ఇందుకే. హోటల్‌కు "గోవా ఎయిర్‌పోర్టుకు కారు పంపండి" అని చెప్తే అది ఏ గోవాకు పోతుందో దేవుడికెరుక.

టికెట్టు కొనేముందే ఇది చూసుకుంటే ఇంకా మంచిది. మోర్జిం, అశ్వెం, మాండ్రేం బీచ్‌లకు మోపా దగ్గర. కొల్వా, బెనౌలిం, పాలోలెంకు దబోలిం దగ్గర. మోపాలో దిగి పాలోలెంలో రూము తీసుకుంటే దాదాపు 100 కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. టికెట్టులో మిగిలిన వెయ్యి కారు కిరాయిలో పోతుంది. కలంగూట్, బాగా మధ్యలో ఉంటాయి, ఎటు దిగినా పెద్ద తేడా లేదు.

హైదరాబాద్ అలవాటుతో ఓలా, ఉబర్ నమ్ముకుని దిగొద్దు. గోవాలో గోవామైల్స్ యాప్ ఉంది, విమానాశ్రయంలో ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటర్లున్నాయి. రిసార్టు కారు వీటికన్నా ఖరీదు. అయినా రాత్రి పది తర్వాత దిగేవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు రిసార్టు కారే చెప్పుకోవాలంటాను. ముందుగా ఈ సంగతులు అడగండి: పేరు రాసిన బోర్డుతో మనిషి బయటి గేటు దగ్గర ఉంటాడా, విమానం ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతాడు, ఆగినందుకు విడిగా డబ్బులా, పిల్లల సీటు ఉందా. పిల్లల సీటు అడగకపోతే రాదు, అడిగినా కొన్నిసార్లు రాదు. అన్నట్టు, అక్కడ నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండ్లు కనిపిస్తాయి, అవి డ్రైవర్ లేకుండా మనమే నడుపుకునే అద్దె బండ్లు.

మాల్దీవులకు పోయేవాళ్లకు కారు గొడవే లేదు, పడవ గొడవ ఉంది. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు, దూరం దీవులకు నీళ్ల మీద దిగే విమానం. ఆ చిన్న విమానాలు పగటి వెలుగులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగే టికెట్టు కొంటే ఆ రాత్రి మాలె దగ్గరే పడుకోవాల్సి వస్తుంది, దాని ఖర్చు మనదే.

పంపాల్సిన మెసేజ్

ఫోన్లో ఎంత మాట్లాడినా చివరికి ఇలా ఒక మెసేజ్ పంపి, "ఓకే" అని జవాబు తెప్పించుకోండి:

"శనివారం రాత్రి తెల్లారితే ఆదివారం, 12వ తారీఖు, అర్ధరాత్రి 12:45కి హనుమకొండలో ఇంటి దగ్గర పికప్. శంషాబాద్ డిపార్చర్ దగ్గర డ్రాప్. పెద్దవాళ్లు నలుగురు, పిల్లలు ఇద్దరు, పెద్ద పెట్టెలు మూడు, చిన్నవి రెండు. ఇన్నోవా క్రిస్టా ఏడు సీట్లది, క్యారియర్‌తో. ఔటర్ మీదుగా. బత్తా, టోల్, పార్కింగ్, జీఎస్టీ అన్నీ కలిపి ఇంత. అడ్వాన్స్ ఇంత ఇచ్చాను. బండి నంబర్, డ్రైవర్ నంబర్ శనివారం సాయంత్రం ఆరులోపు పంపాలి."

అక్కడి హోటల్‌కూ ఇలాంటిదే, విమానం నంబరు, విమానాశ్రయం పేరు కలిపి. నంబరు ఉంటే విమానం ఆలస్యం వాళ్లే చూసుకోగలరు.

తిరుగు ప్రయాణం

పోయేటప్పుడు ఇంత జాగ్రత్త పడి, వచ్చేటప్పుడు నేను దెబ్బతిన్నాను. ఒకసారి మా విమానం శంషాబాద్‌లో రాత్రి 12:40కి దిగేది, టికెట్టు మీద ఆదివారం తారీఖు. నేను డ్రైవర్‌కు "ఆదివారం రాత్రి" అని చెప్పాను. ఆయన బుద్ధిగా ఆదివారం రాత్రికి రాసుకున్నాడు, అంటే మేం దిగిన మరుసటి రాత్రికి. పిల్లలు ట్రాలీ మీదే నిద్రపోయారు. ఫోన్ చేస్తే ఆయన కాజీపేటలో ఇంట్లో పడుకుని ఉన్నాడు. "సార్, రేపు గదా?" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఎయిర్‌పోర్టులో దొరికిన ట్యాక్సీకి మా బడ్జెట్‌లో లేని డబ్బు పోసి ఇల్లు చేరాం.

అందుకే తిరుగు బండికీ అదే మెసేజ్, అదే రెండు రోజుల పేర్లు, తారీఖు. డ్రైవర్ పార్కింగ్‌లో ఆగితే గంటకు ఇంత చొప్పున ఆ లెక్క పెరుగుతుంది. కాబట్టి బెల్టు మీద పెట్టెలు చేతికొచ్చాకే ఫోన్ చేసి అరైవల్స్ దగ్గరికి రమ్మనండి. బండెక్కే ముందు చెప్పులు, పిల్లల ప్లాస్టిక్ బకెట్లు బయటే దులపండి. డిక్కీ కార్పెట్‌లో పడ్డ గోవా ఇసుక అంత తేలిగ్గా పోదట, మా డ్రైవర్ ఆ సంగతి భువనగిరి దాకా చెప్తూనే ఉన్నాడు.