పాత కారు సొట్ట తీసే ముందు జాగ్రత్తలు

ముందు సొట్ట చుట్టూ అయస్కాంతం ఆనించి చూడండి. పట్టు లేకపోతే కింద పాత లప్పం (సొట్ట పూడ్చే పుట్టీ) ఉన్నట్టే. రేకు మెరిసేదాకా గీకేయాలి. తుప్పు మీద పెట్టిన లప్పం ఉబ్బి ఊడిపోతుంది.

వెనక ఇనుప దిమ్మ ఆనించి, సుత్తితోనే వీలైనంత సమం చేయండి. లప్పం మందం 3 మిల్లీమీటర్లు దాటితే పగులుతుంది.

లప్పం గట్టిపడటానికి కలిపే హార్డనర్ సాధారణంగా 100 గ్రాముల లప్పానికి 2 గ్రాములు. 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండలో కలిపిన లప్పం పలక మీదే గడ్డకడుతుంది. పొద్దున్నే, నీడలో, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడు, నిమ్మకాయంత ముద్దలుగా కలపండి. త్వరగా ఆరాలని హార్డనర్ పెంచారో, రేపు రంగులోంచి మరక పైకి తేలుతుంది.

నీళ్లు పోసి రుద్దొద్దు, లప్పం తడి పీల్చుకుంటుంది. 80 నంబరు గరుకు కాగితంతో పొడిగానే మొదలుపెట్టండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దు. పెట్రోలు ట్యాంకు దగ్గర ఒక్క రవ్వ చాలు.