శరణార్థుల నవలను మరొకరి చేత చదివించడం ఎలా

శరణార్థుల నవలను ఎవరికైనా సిఫారసు చేసేటప్పుడు ‘ఏడిపిస్తుంది, చదవండి’ అనవద్దు; ఆ మాట వింటే చాలామంది పుస్తకాన్ని అలమరలోనే ఉంచేస్తారు. వినేవారి బతుకుకు దగ్గరగా ఉన్న ఒక్క దృశ్యాన్ని చెప్పండి. గూడూరు దగ్గర నిమ్మతోట ఉన్న మా బావగారికి క్రిస్టీ లెఫ్టెరి 2019లో వెలువరించిన ‘ది బీకీపర్ ఆఫ్ అలెప్పో’ నవల గురించి చెప్పినప్పుడు నేను సిరియా యుద్ధంతో మొదలుపెట్టలేదు; తేనెటీగల పెట్టెలు కాలిపోయిన నూరి, చూపు పోయిన భార్య ఆఫ్రాను వెంటబెట్టుకుని టర్కీ, గ్రీసుల మీదుగా ఇంగ్లండు చేరడాన్ని చెప్పాను. పూత మీద ఈగలు వాలకపోతే కాపు ఏమవుతుందో తెలిసిన ఆయన, పెట్టెలు కాలాయనగానే చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, ‘మరి ఈగలో?’ అని అడిగారు.

తరువాత మాటల తేడా విడమరచండి. సోమశిల జలాశయం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్నవారు నిర్వాసితులే గాని, దేశపు సరిహద్దు దాటలేదు కనుక 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం శరణార్థులు కారు; ఆశ్రయం కోరి దరఖాస్తుపై నిర్ణయానికి ఎదురుచూస్తున్నవారిది మరో స్థితి. (ఈ పాఠం రెండు నిమిషాలు మించితే వినేవారు లేచిపోతారు.)

ముగింపు మాత్రం చెప్పవద్దు. ఇంగ్లీషు చదవలేనివారికి మొదటి అధ్యాయాన్ని మీరే తెలుగులో వినిపించండి.