డెంటిస్ట్ అవ్వాలంటే: ముందు చేతులు చూస్కోండి, తర్వాత సీటు

డెంటల్ తీసుకోవచ్చా అండీ అని నన్ను చాలామంది అడుగుతుంటారు, చేరబోయే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ. స్కోప్ ఉందా, ఎన్నేళ్లు పడుతుంది, సీటు ఎలా వస్తుంది, దాదాపు అందరి ప్రశ్నలూ ఇవే. ఎన్నేళ్లు, సీటు ఎలా అన్నవి చెప్తా గానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది, ఇది చేతిపని. ఎంత చదివినా చివరికి రెండు మూడు వేళ్లు పట్టే చోట, ఉమ్ము ఊరుతూ నాలుక కదుల్తూ ఉండగా, భయంతో కుర్చీ గట్టిగా పట్టుకున్న మనిషికి చెయ్యాల్సిన పని. అది మీకు నచ్చుతుందో లేదో అప్లికేషన్ పెట్టకముందే తెల్సుకోవచ్చు.

ఎలా అంటే, తెలిసిన డెంటిస్ట్ ఎవరన్నా ఉంటే అడిగి క్లినిక్‌లో ఓ మూలన కూర్చోండి, పేషెంట్ ఒప్పుకుంటేనే సుమా. ఒక్కరోజు చాలదు, ఐదారు రోజులన్నా కూర్చోవాలి. పన్ను వైపు కాదు, డాక్టర్ చెయ్యి వైపు చూడండి. పరికరం పట్టుకున్న చేతి ఉంగరం వేలు ఎప్పుడూ పక్క పన్ను మీదో దవడ మీదో ఆనుకునే ఉంటుంది, ఎందుకంటే పేషెంట్ ఉలిక్కిపడి తల కదిపితే చెయ్యి కూడా తలతో పాటే కదలాలి, లేకపోతే బర్, అంటే పన్ను అరగదీసే మొన, పోయి బుగ్గకి తగుల్తుంది. సూది ఇచ్చేముందు ఏం మాట్లాడారు, ఎక్కడ ఆగారు, అసిస్టెంట్ ఉమ్ము లాగే సక్షన్ గొట్టం ఎప్పుడు పెట్టింది, ఇవన్నీ చూడండి. సాయంత్రానికి ఇంకాసేపు ఉందాం అనిపించిందా, టైం ఎప్పుడవుతుందా అని గడియారం చూశారా, అది నిజాయితీగా రాసిపెట్టుకోండి.

ఇంట్లో చేస్కునే పరీక్ష ఒకటుంది. పై పళ్ల వెనకవైపు చాలావరకు నేరుగా కనపడదు, చిన్న మౌత్ మిర్రర్‌లో చూస్తూ చెయ్యాలి, అంటే ఎదురుగా ఉన్నది వెనక్కి కనిపిస్తుంది, వెనక ఉన్నది ముందుకి. అందుకని కాగితం మీద పక్కపక్కనే రెండు గీతలతో ఒక నక్షత్రం గీయండి, చేతికి అడ్డంగా ఒక పుస్తకం నిలబెట్టి, ఎదురుగా పెట్టిన అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్యలో పెన్సిల్ నడపండి. మొదటిరోజు మూల దగ్గరకి రాగానే చెయ్యి మొరాయిస్తుంది, అందరికీ అంతే. పదిరోజులు చెయ్యండి. నీట్‌గా రావడం ముఖ్యం కాదు, విసుగొచ్చిందా, పట్టుదల వచ్చిందా అన్నదే చూస్కోవాలి. సబ్బు ముక్కతో కూడా చేయొచ్చు, రెండు సెంటీమీటర్ల ఘనం, ఆరు వైపులా సమంగా వచ్చేదాకా చెక్కడం. ఇది ఆషామాషీగా చెప్పట్లేదు, కెనడా డెంటల్ ఎంట్రన్స్‌లో ఒకప్పుడు సబ్బు చెక్కించేవాళ్లు, అమెరికా వాళ్ల డెంటల్ ఎంట్రన్స్ డీఏటీలో ఇప్పటికీ ఆకారాల్ని మనసులో తిప్పి చూసే సెక్షన్ ఒకటి ఉంది. చెయ్యి పుట్టుకతో రావాలని ఏం లేదు, నేర్చుకుంటే వస్తుంది, కానీ నేర్చుకునే ఓపిక మాత్రం మీదగ్గరే ఉండాలి.

ఇక దారి. ఇండియాలో అయితే నీట్ రాసి బీడీఎస్ అనే డెంటల్ డిగ్రీ, నాలుగేళ్ల చదువు ప్లస్ ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత కావాలంటే మూడేళ్ల పీజీ, ఎండీఎస్. బ్రిటన్‌లో స్కూల్ అయ్యాక నేరుగా ఐదేళ్లు, అమెరికాలో ఎక్కువమంది ముందు ఒక డిగ్రీ చేసి ఆ తర్వాత నాలుగేళ్ల డెంటల్ స్కూల్‌కి వెళ్తారు. అక్కడిచ్చే డిగ్రీలు డీడీఎస్, డీఎండీ రెండిట్లో ఏది గొప్ప అని అడుగుతుంటారు, రెండూ ఒకటే, 1840లో బాల్టిమోర్‌లో మొదలైన మొదటి డెంటల్ కాలేజీ డీడీఎస్ ఇచ్చింది, 1867లో హార్వర్డ్ తన డెంటల్ స్కూల్ పెట్టి లాటిన్ పేరుతో డీఎండీ మొదలెట్టింది, అప్పట్నుంచీ రెండు పేర్లూ ఉండిపోయాయి. ఒక దేశంలో చదివి వేరే దేశం వెళ్లి చేద్దాం అనుకునేవాళ్లు మాత్రం ఇప్పుడే తెల్సుకోండి, డిగ్రీ చేతిలో ఉన్నా అక్కడి లైసెన్స్ మళ్లీ తెచ్చుకోవాల్సిందే. అమెరికాలో చాలా చోట్ల రెండు మూడేళ్లు మళ్లీ కాలేజీలో చేరాలి, బ్రిటన్‌లో ఓఆర్ఈ అనే పరీక్ష ఉంది. ఫైనలియర్‌లో తెల్సుకుని బాధపడేకంటే చేరకముందే ఆ దేశం డెంటల్ కౌన్సిల్ వెబ్‌సైట్ చదివేస్తే మంచిది.

మొదటి రెండేళ్లు పళ్లకంటే ఒళ్లంతా చదువుతారు, అనాటమీ, ఫిజియాలజీ, మందులు, సూక్ష్మజీవులు, మేం పళ్లకే కదా ఇవన్నీ ఎందుకు అని కొందరు వదిలేస్తుంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. రక్తం పలచబడే మందు వేస్కుంటున్న మనిషికో, షుగర్ అదుపులో లేని మనిషికో పన్ను తీయాల్సి వచ్చినప్పుడు ఆ చదువే మిమ్మల్ని కాపాడుతుంది, పేషెంట్‌ని కూడా.

అదే టైంలో మైనం చెక్కడం మొదలవుతుంది. చేతిలో ఒక మైనం దిమ్మ, లెక్రాన్ కార్వర్ అనే చిన్న పరికరం, ఎదురుగా ఒక పన్ను మోడల్. నేను పైదవడ మొదటి మోలార్, అంటే నమిలే పెద్ద పన్ను, చెక్కడానికి నాలుగు రాత్రులు కూర్చున్నా, పన్ను మీది నాలుగు మొనలూ (కస్పులు) వచ్చాయి, మధ్యలో ఏటవాలుగా వెళ్లే గట్టు (రిడ్జ్) కూడా బాగా వచ్చిందని సంబరపడుతూ తీస్కెళ్లి ఇచ్చా. మా సారు దాన్ని లైటు ముందు పెట్టి మెల్లగా తిప్పి, పక్క పన్ను ఆనే చోట గోటితో తాకి, "ఇక్కడ తిండి ఇరుక్కుంటుంది" అని మాత్రం అని తిరిగి ఇచ్చేశారు. నేను మైనం చూస్తున్నా, ఆయన అన్నం తినే మనిషిని చూస్తున్నారు. పక్క పన్నుతో ఆనే చోటు కాస్త కిందకి జరిగితే చాలు, ఆ సందులో రోజూ తిండి చేరి చిగురు వాస్తుంది. ఆ ఒక్క మాటతో ఫిల్లింగ్ అంటే ఏంటో నాకు అర్థమైంది, చిల్లు పూడ్చడం కాదు, పన్ను ఆకారం తిరిగివ్వడం. పన్ను గట్టి పైపొర, ఎనామిల్, మళ్లీ పెరగదు, పన్ను బయటికొచ్చేసరికే దాన్ని తయారుచేసే కణాలు పోతాయి, కాబట్టి మీరు అరగదీసిన ప్రతి చిటికెడూ తిరిగిరానిదే. నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరిగే ఎయిరోటర్ అనే డ్రిల్లు చేతిలో ఉన్నప్పుడు ఈ మాట గుర్తుండాలి.

తర్వాత ఫాంటమ్ హెడ్, అంటే పళ్లున్న బొమ్మ తల, మీద ప్రాక్టీస్, ఆ తర్వాతే మనుషులు. మొదటి కష్టం కింది దవడ నరానికి ఇచ్చే ఇంజెక్షన్, ఎముక లోపలికి నరం వెళ్లే చోటు కంటికి కనపడదు, వేలితో తడిమి గుర్తుపట్టాలి, అనుభవం ఉన్నవాళ్లకి కూడా ఒక్కోసారి తిమ్మిరి ఎక్కదు. మెల్లగా ఇవ్వండి, మిల్లీలీటరుకి దాదాపు నిమిషం పట్టనివ్వండి, నొప్పిలో సగం తేడా అక్కడే తెలుస్తుంది. మొదలెట్టేముందు "నొప్పనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తండి, ఆపేస్తా" అని చెప్పండి, ఎత్తినప్పుడు నిజంగా ఆపండి. ఒక్కసారి ఆపకపోతే ఆ మనిషి ఇంకెప్పుడూ మిమ్మల్ని నమ్మరు. పిల్లలకైతే ముందు చెప్పి, తర్వాత చూపించి, అప్పుడే చెయ్యాలి, గాలి కొట్టే సిరంజిని ముందు వాళ్ల అరచేతి మీద కొట్టి చూపిస్తే సగం భయం పోతుంది.

స్పెషాలిటీ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేస్కోవద్దు. డిగ్రీ అయ్యాక ఒకట్రెండేళ్లు మంచి సీనియర్ దగ్గర అన్నీ చెయ్యండి అనేది నా సలహా. పన్ను వేళ్లలోని సన్నటి కాలువల్లో గంటలు గడపడం ఇష్టమైతే ఎండోడాంటిక్స్ (రూట్ కెనాల్ పని), ఒకే పేషెంట్‌ని ఏడాదిన్నర రెండేళ్లు ఓపిగ్గా చూడగలిగితే ఆర్థో (పళ్లు సరిచేసే క్లిప్పుల పని), విరిగిన దవడలు, ఆపరేషన్ థియేటర్ కావాలంటే ఓరల్ సర్జరీ, ఎందులో అలసట తెలియట్లేదో అదే మీది.

ఒళ్లు మాత్రం మొదట్నుంచీ చూస్కోండి, మెడా నడుమూ పోగొట్టుకున్న డెంటిస్టులు చాలామందే ఉన్నారు. మీరు వంగడం కాదు, పేషెంట్ కుర్చీని వంచండి, లూప్స్, అంటే కళ్లద్దాలకి బిగించిన భూతద్దాలు, వీలైనంత తొందరగా అలవాటు చేస్కోండి, అవి మీకు సరిగ్గా అమరితే నడుము నిటారుగా ఉంచుకోవడం తేలికవుతుంది.

ఇంకోటి, సీటు రాగానే హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో ఇంట్లో కనుక్కోండి. లేకపోతే మూడు డోసులు, మొదటిది వేయించుకున్నాక నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది, అయ్యాక ఒకటి రెండు నెలల్లో బ్లడ్ టెస్ట్ చేయించి రక్షణ వచ్చిందా చూస్కోవాలి. ఇదంతా అవ్వడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది, పేషెంట్ నోట్లో వేలు పెట్టే రోజుకి ఇది పూర్తయ్యుండాలి, కాబట్టి అడ్మిషన్ కాగితాల పని అయిన వారంలోనే మొదటి డోసు వేయించేస్కోండి.