విదేశీ నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే ఏం చేయాలి?

ఫోన్ కంపెనీలో బిల్లుల ఫిర్యాదులు చూడటం నా పని. "నేనెవరికీ చేయలేదండీ, ఇంత బిల్లు ఎలా వచ్చింది?" అని అడిగినవాళ్ల కాల్స్ జాబితా తిరగేస్తే చాలాసార్లు ఒకటే కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని విదేశీ నంబరుకు వీళ్ల ఫోన్ నుంచే కాల్ వెళ్లి ఉంటుంది. ముందు అక్కడి నుంచి మిస్డ్ కాల్ వచ్చింది, వీళ్లు తిరిగి చేశారు.

మిస్డ్ కాల్‌తో డబ్బు పోదు, తిరిగి చేస్తేనే పోతుంది. విదేశానికి కాల్ వెళ్తే మన కంపెనీ అవతలి కంపెనీకి నిమిషాల లెక్కన చెల్లించాలి. కొన్ని నంబర్లకు ఆ రేటు బాగా ఎక్కువ, అందులో మోసగాళ్లకు వాటా ఉంటుంది. అందుకే కంప్యూటరుతో వేల నంబర్లకు ఒక్క రింగిచ్చి కట్ చేస్తారు. మనం చేయగానే ఎత్తి, పాటో, రికార్డు చేసిన రింగు శబ్దమో వినిపిస్తారు. ఇంకా ఎత్తలేదనుకుని మనం ఎదురుచూస్తుంటే నిమిషాలు లెక్కకెక్కుతుంటాయి.

అందుకే ముందు ప్లస్ గుర్తు పక్కన అంకెలు చదవండి. అది దేశం కోడ్: +232 సియెర్రా లియోన్, +222 మారిటానియా, +375 బెలారస్. ఆ దేశాల్లో మనవాళ్లెవరూ లేకపోతే వదిలేయండి. +1 చూసి అమెరికాలో ఉన్న పిల్లలే అనుకోకండి. చాలా కరీబియన్ దేశాలకూ అదే కోడ్: +1 473 గ్రెనడా, +1 876 జమైకా. పని ఉన్నవాళ్లు మళ్లీ చేస్తారు. "అర్జెంటుగా కాల్ చేయండి" అని ఆ నంబరు నుంచే మెసేజ్ వచ్చినా నమ్మకండి.

బ్లాక్ చేయండి గానీ, రేపు ఇంకో నంబరు నుంచి వస్తుంది. పెద్దవాళ్ల ఫోన్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: విదేశాలకు వెళ్లే కాల్స్ ఆపేయమని కంపెనీని అడగండి. పిల్లలు అక్కడి నుంచి చేసే కాల్స్ మామూలుగానే వస్తాయి.

వాట్సాప్ కాల్‌కు ఈ నిమిషాల చార్జీ ఉండదు. అక్కడ ప్రమాదం మాటలతోనే: ఉద్యోగమంటారు, ఓటీపీ అడుగుతారు.

ఇప్పటికే తిరిగి చేశారా? కంగారు పడకండి. కాల్ చేసినంత మాత్రాన సిమ్ కాపీ అయిపోదు, ఫోన్‌లోని నంబర్లు పోవు. బ్యాలెన్స్ చూసుకోండి, కాల్ వివరాలు స్క్రీన్‌షాట్ తీయండి. బిల్లు వచ్చేదాకా ఆగకుండా ఈరోజే ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.