పంచదార ఒక్కటీ మానేస్తే చాలదు: పిండిపదార్థాల్లో మంచివేవో, కానివేవో పట్టుకోవడం ఎలా

షుగర్ ఉందని తేలిన రోజే మా నాన్న టీలో పంచదార మానేశారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాటే, "పంచదార మానీసేను కదా, ఇంకేటి?" అని. ఆ చప్పటి టీలోకి మాత్రం పొద్దున్న నాలుగు, సాయంత్రం నాలుగు బిస్కెట్లు. మూడు నెలల తర్వాత రిపోర్టులో పెద్దగా తేడా లేదు. అప్పుడు గానీ మాకు ప్యాకెట్ తిప్పి చూడాలని తట్టలేదు. 100 గ్రాములకి పిండిపదార్థం, అంటే లేబుల్ మీద కార్బోహైడ్రేట్ అని ఉండేది, 76 గ్రాములు, అందులో చక్కెర 22 గ్రాములు. ఒక్కో బిస్కెట్ ఆరు గ్రాములనుకుంటే ఎనిమిదికి 48 గ్రాములు, అంటే చక్కెర పది గ్రాముల పైనే, రెండు చెంచాలు. టీలో మానేసిందంతా బిస్కెట్లో తిరిగొచ్చేసింది. మిగతా పిండిపదార్థం చాలావరకు మైదా, అదీ కడుపులోకి వెళ్ళాక చకచకా గ్లూకోజే అయిపోతుంది.

అందుకే నాలిక్కి తీపి తగిలిందా లేదా అన్నది పక్కన పెట్టండి. తినే వస్తువు ఏదైనా నేను మూడు చూస్తాను: ఎంత నలిగింది, అందులోంచి ఏం పోయింది, అందులోకి ఏం కలిసింది.

ముందు "ఏం పోయింది" సంగతి. వడ్లకి పైన ఊక తీస్తే ముడి బియ్యం. దాన్ని ఇంకా పాలిష్ పడితే తవుడూ, మొలకా పోతాయి, పీచూ విటమిన్లూ చాలావరకు ఆ తవుడుతోనే పోతాయి. మనం తెల్లగా మల్లెపువ్వులా ఉందని మురిసిపోయే అన్నం అలా మిగిలింది. మా విజయనగరం వైపు చోళ్ళంటామే, బజార్లో రాగులంటారు, వాటికి పైపొర గింజని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి పొట్టుతోనే పిండి ఆడిస్తాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల చోళ్ళకి పీచు 11 గ్రాముల దాకా ఉంటే, పాలిష్ బియ్యానికి మూడు గ్రాములు కూడా లేదు.

ఇక్కడే ఒక చిన్న లెక్క నేర్చుకుంటే దుకాణంలో నిలబడి ఎవర్నీ అడగక్కర్లేదు. పిండిపదార్థం అంకెని పీచు అంకెతో భాగించండి, 10 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే సరుకు ఫర్వాలేదు. చోళ్ళకి 67ని 11తో భాగిస్తే ఆరు. తెల్ల బియ్యానికి 78ని 2.8తో భాగిస్తే ఇరవై ఎనిమిది! కొన్ని ప్యాకెట్ల మీద ఫైబర్ అంకె అసలు వేయరు, అలాంటప్పుడు పదార్థాల జాబితా చూడాలి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది రూలు. "మల్టీగ్రెయిన్" అని ముందువైపు పెద్దక్షరాల్లో వేసి, వెనక మొదటి పేరు మైదా అయితే దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇక "ఎంత నలిగింది". ఇది చాలామంది పట్టించుకోరు. చోళ్ళు మంచివి కదా అని మెత్తగా జల్లించి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి పెద్ద గ్లాసుడు తాగితే అది షుగర్‌ని గబగబా పెంచుతుంది. నూకలేసి చిక్కగా వండిన అంబలి మజ్జిగా ఉల్లిపాయతో ఒక గిన్నెడు తాగడం వేరు. అదీ హద్దులోనే అనుకోండి, చోడి గింజలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. ప్యాకెట్లో అమ్మే మాల్ట్ పొడులైతే పేరు రాగిది, కొన్నిట్లో ముందున్నది పంచదార. సగ్గుబియ్యం గురించి ఒక్క ముక్క: అది కర్రపెండలం నుంచి తీసిన గంజిపొడి, ఉపవాసం రోజు తింటాం కాబట్టి తేలికైన తిండి అని అనుకోవద్దు.

మామిడిపండునే చూడండి. పండుగా తింటే పీచుంది, నీళ్ళున్నాయి, ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. రసం తీస్తే రెండు మూడు పళ్ళు ఒక్క గ్లాసులోకి దిగిపోతాయి. అదే రసానికి తీపి కలిపి చాప మీద పొరలు పొరలుగా ఎండబెడితే మా భీమాళి తాండ్ర, నాకు ప్రాణం, కానీ నీళ్ళన్నీ ఎగిరిపోయి తీపంతా చిక్కబడిన ముక్క అది. పండగకొకసారి చిన్న ముక్క తినండి, పండు తిన్నట్టే కదా అని మాత్రం లెక్కేసుకోకండి.

"ఏం కలిసింది" అన్నదానికి లేబుల్ మీద "యాడెడ్ షుగర్స్" చూడాలి. జాబితాలో లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్ అని ఉన్నా అవీ చక్కెరలే. మాల్టోడెక్స్‌ట్రిన్ తియ్యగా ఉండదు గానీ అదీ అంతే వేగంగా గ్లూకోజ్ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం రోజుకి 2000 కేలరీలు తినేవాళ్ళకి ఇలాంటి చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపుంటే ఇంకా మేలు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులోనే దాదాపు ఆ 25 గ్రాములూ ఉంటుంది. తేనే, పళ్ళరసమూ ఈ లెక్కలోకే వస్తాయి. పండులో, పాలల్లో సహజంగా ఉండే తీపి రాదు.

బెల్లం గురించి మా అమ్మతో ఇప్పటికీ గొడవే. "బెల్లమేటి చేస్తాది?" అంటుంది. నూటికి 85 వంతుల దాకా అదీ చక్కెరే, ఖనిజాలు కాస్త ఉన్నా వాటికోసం తినాలంటే పిడికెళ్ళు పిడికెళ్ళు తినాలి. తాటిబెల్లమూ అంతే.

అన్నం మానేయమని నేను చెప్పను, చెప్పినా మన ఇళ్ళల్లో జరగదు. ముందు కూర, పప్పు ఎక్కువ వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. గ్లూకోమీటర్ ఉంటే తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి చూసి రాసుకోండి. ఏ తిండి మీకు పడుతుందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా కోసేయకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటర్లో 70 కన్నా తక్కువ చూపిస్తే ఆ నిమిషానికి పీచు గురించి ఆలోచించొద్దు, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పంచదార మానేసిన మా నాన్న జేబులో ఇప్పుడు ఎప్పుడూ ఒక గ్లూకోజ్ పొట్లం ఉంటుంది.